నానమ్మ నోట్లో నిప్పు

మా నానమ్మ చుట్ట తాగుతుందని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. కాని ఆమె పొగతాగే మనిషి అని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. పొగతాగడమంటే మా అండమాన్‌లో ఫీనిక్స్ బే జెట్టీ మీద కూలీలు బీడీలు కాల్చడం. టికెట్ల లైన్లో నిలబడ్డ గుమస్తాలు సిగరెట్టు వెలిగించుకుని ముఖం పక్కకి తిప్పుకోవడం. నానమ్మది అలా కాదు. చుట్ట వెలిగించి, ఒకటి రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు మూసేది. ఆ తర్వాత చేపలు ఎండబెట్టేది, వల బాగుచేసేది, పెదాలు విప్పకుండానే మమ్మల్ని తిట్టేది కూడా. దాన్ని మావాళ్లు అడ్డపొగ అంటారు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్లనుంచి అండమాన్ వచ్చి స్థిరపడ్డ మా వాళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లకి దాదాపు అందరికీ ఆ అలవాటుంది. అలా తాగితే గాలికి చుట్ట ఆరిపోదు, నిప్పు రాలి వల కాలిపోదు, చంకలో ఉన్న బిడ్డ మీద నుసి పడదు. వాళ్లు చెప్పే కారణాలివి. చిన్నప్పుడు నాకు ఇవి చాలా తెలివైన కారణాలుగా తోచేవి.

చదువయ్యాక నాకు దొరికిన మొదటి పని, ఊపిరితిత్తుల జబ్బులు తగ్గించడానికీ, జనంచేత పొగాకు మాన్పించడానికీ పనిచేసే ఒక సేవాసంస్థలో. ఫీనిక్స్ బేకి దగ్గర్లో వాళ్లకి రెండు గదులుండేవి. ఒక గదిలో వారానికోసారి డాక్టరు గారు కూర్చునేవారు. రెండో గదిలో ఒక బల్ల, కళ్లె పరీక్ష కోసం ఇచ్చే మూత డబ్బీలు, గోడనిండా పోస్టర్లు. కిటికీలోంచి చూస్తే దీవులకి వెళ్లే పడవలు కనిపించేవి. పని లేని వేళల్లో అక్కడ కూర్చుని పుస్తకం చదువుకోనిచ్చేవారు. అదే నాకు ఆ ఉద్యోగంలో మొదట నచ్చిన సంగతి.

పని ఇప్పించింది మా బడిలో తెలుగు చెప్పిన టీచరు గారు. నా ఈడు వాళ్లం ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాని, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. టీచరు గారి దయవల్ల నాకు ఆ బాధ లేదు. ఆవిడ బదిలీ మీద మెయిన్‌లాండ్ వెళ్లిపోతూ ఒక రేకుపెట్టె నిండా పుస్తకాలు నాకు ఇచ్చేశారు. ఆ పెట్టె మా ఇంట్లో నా మంచం కింద ఉండేది. ఈ దీవుల్లో చెమ్మ ఎక్కువ. ఏ పుస్తకం తెరిచినా సన్నటి తెల్లపురుగులు అటూ ఇటూ పరుగెత్తేవి. వాటితో నాకు రోజూ యుద్ధమే.

ఎవరైనా నన్నో మాట అడిగితే, సాయంత్రం డైరీ రాసుకునేటప్పుడు గాని నాకు సరైన జవాబు తోచేది కాదు. అలాంటి దాన్ని పట్టుకుని మా ఆఫీసు దీదీ తనతో ఊళ్లు తిప్పింది. దీదీ బెంగాలీ ఆవిడ. మాయాబందర్‌లో పుట్టి పెరిగింది. ఆవిడ హిందీలో చెప్పింది నేను మావాళ్లకి తెలుగులో చెప్పాలి, వాళ్లన్నది మళ్లీ ఆవిడకి హిందీలో చెప్పాలి. నా సొంత మాట ఒక్కటీ అక్కర్లేదు. నాలాంటి దానికి ఇంతకన్నా మంచి పని ఇంకెక్కడుంటుందనుకున్నాను.

కొన్నాళ్లకి మా వాడ వంతు వచ్చింది. మేముండేది బ్రూక్షాబాద్‌లో, సముద్రం వైపు దిగువన. ఒక ఆదివారం పొద్దున దీదీ, నేను పోస్టర్లు పట్టుకుని మా ఇళ్ల దగ్గరే దిగాం. ఒడ్డున బోర్లించిన డోంగీ పడవల నీడలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టాం. పోస్టర్లో ప్యాంటు వేసుకున్న ఒకాయన సిగరెట్టు కాలుస్తుంటాడు, పొగ మెలికలు తిరిగి పైకి పోతుంటుంది. దీదీ దాన్ని చూపించి, మీలో ఎవరైనా పొగతాగుతారా అని అడిగింది. నేను తెలుగులో అడిగాను. ఎవరూ తాగరు అన్నారు అందరూ. మా మగాళ్లు తాగుతారు, వాళ్లని ఆపండి ముందు, అని కొందరు ఉత్సాహంగా పేర్లు కూడా చెప్పారు. దీదీ చాలా సంతోషించింది. ఈ ఆడవాళ్లు ఎంత మంచివాళ్లో చూడు అన్నట్టు నా వైపు చూసింది.

నేను నేల వైపు చూశాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. ఆ పోస్టర్లో ఉన్న పని వాళ్లెవరూ చెయ్యరు. కాని ముందు వరసలో మా నానమ్మ ఉంది. ఆమె నోటితో జవాబు చెప్పకుండా తల మాత్రం అడ్డంగా ఊపింది. పెదాలు బిగించి ఉన్నాయి. కాసేపటికి ముక్కులోంచి సన్నగా, తెల్లగా పొగ వచ్చింది.

దీదీ చూసింది. దగ్గరికి వచ్చి వంగి, "దాదీ, ముహ్ ఖోలియే" అంది.

"నానమ్మా, నోరు తెరవమంటంది" అన్నాను.

నానమ్మ రెండు వేళ్లతో చుట్ట బయటికి లాగింది. కొస ఎర్రగా మండుతూనే ఉంది. రాతి మీద నుసి దులిపి, మర్యాదగా కూర్చుంది.

"మగోళ్లలాగ ఊదుతున్నానేటి? నా పొగ నా నోట్లోనే ఉంటాది. ఎవులికేటి నట్టం?" అంది.

నిప్పు లోపలే పెట్టుకుంటుందా అని దీదీ నన్ను మళ్లీ మళ్లీ అడిగింది. అవునన్నాను. అప్పటికి వెనక వరసలో నవ్వులు మొదలయ్యాయి. ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని తన చుట్ట తీసింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. దీదీ బోర్లించిన డోంగీ మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మా ఆడవాళ్లకి ఆవిడ ఆ నవ్వుతోనే నచ్చిందనుకుంటాను. అప్పటిదాకా దూరంగా కూర్చున్నవాళ్లు కూడా ముందుకి జరిగారు.

ఆ తర్వాత దీదీ సంచిలోంచి టార్చిలైటు తీసి, నానమ్మ నోట్లోకి వేసి చూసింది. నవ్వు ఆగిపోయింది. అంగిట్లో ఒక తెల్లటి మచ్చ, దాని మీద ఎర్రటి చుక్కలు. ఎన్నాళ్లనుంచి ఉందో నానమ్మకి తెలియదు. దగ్గు ఎన్నాళ్లనుంచి ఉందని అడిగితే, అది దగ్గు కాదు, ఉప్పుగాలి అంది. వర్షాలకి ముందునుంచీ ఉందని అమ్మ వెనకనుంచి చెప్పింది. డాక్టరు వచ్చే రోజు ఆమెని తప్పకుండా తీసుకురమ్మని దీదీ నాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

నానమ్మ రానంది. ఆస్పత్రి వాసన పడదంది, మందుగోళీ గొంతు దిగదంది. ఆమెని కదిలించింది మేమెవరం కాదు, మా వదిన ఒళ్లో ఉన్న పిల్ల.

మా అన్నయ్యకి పెళ్లయిన చాలా ఏళ్లకి పుట్టిన పిల్ల అది. అప్పటికి నెలల పసికందు. నానమ్మ భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు. పొద్దున్నే స్నానం చేయించి, నూనె రాసి, భుజాన వేసుకుందంటే మళ్లీ పాలకి వదినకి ఇచ్చేదాకా నానమ్మ ఆ పిల్లని దించేది కాదు. నోట్లో చుట్ట, భుజాన పిల్ల. ఇంట్లో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. దీదీ వచ్చి వెళ్లాక మాత్రం వదిన నెమ్మదిగా ఒక మాటంది. ఆ దగ్గు ఏ దగ్గో తెలిసేవరకూ పిల్లని ఉయ్యాల్లోనే పడుకోబెడదాం అని. పెద్దామెతో ఆ మాట అనడానికి వదిన ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటుందో నాకు తెలుసు. నానమ్మ ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు డాక్టరు వచ్చే రోజు. తనే నన్ను లేపి, "పద, ఆ డబ్బీలో ఏటి ఉమ్మాలో ఉమ్మీసి వచ్చేద్దాం" అంది.

బస్సులో ఫీనిక్స్ బే వచ్చాం. దారంతా నానమ్మ కిటికీ పక్కన పెదాలు మూసుకుని పెద్దమనిషిలా కూర్చుంది. కండక్టరుకి అనుమానం కూడా రాలేదు.

డాక్టరు గారు వీపు మీద, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. నోరు చూశారు. ఒక డబ్బీలో అక్కడే ఉమ్మించారు. రేపు పొద్దున లేవగానే వచ్చే కళ్లె ఇమ్మని ఇంకో డబ్బీ ఇచ్చారు. ఒకవేళ క్షయ అయినా భయం లేదు, మందులున్నాయి, నెలల తరబడి మానకుండా వేసుకుంటే పోతుంది అన్నారు. సంగతి తేలేవరకూ మాత్రం పిల్లని ఎత్తుకోవద్దన్నారు. నానమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. దూరంనుంచి ఉయ్యాల ఊపచ్చా అని. ఊపచ్చని ఆయన నవ్వారు.

నాన్న వలతాడు ఒకటి ఉయ్యాలకి కట్టి, గడపదాటించి, వరండాదాకా లాగాడు. పరీక్ష సంగతి తెలిసేవరకూ నానమ్మ వరండాలోనే. పొద్దున నేను పనికి బయల్దేరేటప్పుడు తాడు లాగుతూ కనిపించేది, సాయంత్రం నేను తిరిగొచ్చేసరికీ లాగుతూనే ఉండేది. లోపల పిల్ల ఏడిస్తే తాడు గట్టిగా లాగేది, నిద్రపోతే నెమ్మదిగా. మధ్యమధ్యలో దగ్గు. నోట్లో చుట్ట మామూలే. లోపలికి తొంగిచూడ్డానికి మెడ సాచేది కాని, గడప దాటేది కాదు. అంత గయ్యాళి మనిషి ఒక మాటకి అంతలా కట్టుబడి ఉండడం నాకు కొత్తగా అనిపించి డైరీలో రాసుకున్నాను.

పరీక్షలో క్షయ లేదని తేలింది. దీదీ ఆ మాట చెప్పగానే నేను సెలవడిగి ఇంటికి వచ్చేశాను. బస్సు దిగి దిగువకి పరుగెత్తడం గుర్తుంది. మామూలుగా నేను వీధిలో తలెత్తి కూడా నడవను. కాని డాక్టరు గారు చెప్పినదాంట్లో అది సగమే. దగ్గు పొగవల్ల వచ్చింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. అంగిట్లో మచ్చ ఆ నిప్పు వేడికి వచ్చింది, ఇలాగే తాగుతూ పోతే క్యాన్సరు కావచ్చు, ఇప్పుడు మానేస్తే తగ్గే అవకాశం ఉంది. పిల్లకీ ఆ పొగ మంచిది కాదు. ఇవన్నీ నేనే చెప్పాలి. పక్కన దీదీ లేదు. తెలుగులోకి తిప్పి చెప్పడానికి ఎవరి మాటా లేదు.

"టీబీ లేదు నానమ్మా" అన్నాను.

"నాను ముందే సెప్పాను కదే. పిల్లని తే."

"చుట్ట తాగినంతకాలం ఎత్తుకోకూడదంట."

"నుసి పడదే గుంటా. మీ నాన్నని, మీ అత్తల్ని ఇలాగే పెంచాను."

నుసి కాదు నానమ్మా, పొగ, అన్నాను. నువ్వు వదిలిన ఊపిరి నీ భుజం మీదున్న దాని ముక్కులోకే పోతుంది, అన్నాను. మచ్చ సంగతి చెప్పాను. క్యాన్సరు మాట కూడా చెప్పాను. ఎలా చెప్పానో నాకు తెలియదు, కళ్లు తాడు మీదే పెట్టుకుని చెప్పాను. నా జన్మలో అంతసేపు ఏకధాటిగా మాట్లాడడం అదే మొదటిసారి. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింది.

నానమ్మ చుట్ట నోట్లోంచి తీసి, కాలే కొసని చూస్తూ కూర్చుంది.

"మరి నాను నిప్పు నోట్లో ఎట్టుకున్నది ఎందుకనుకున్నావు? పిల్లల మీద పడకూడదనే కదా" అంది.

ఆ సాయంత్రం డైరీలో ఆమె మాట ఒక్కటే రాసుకున్నాను.

ఆ రోజే మానేసిందని చెబితే బాగుంటుంది కాని, అలా జరగలేదు. మర్నాడు పొద్దున నోరు పుక్కిలించి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి వదిన ముందు చేతులు చాచింది. వదిన పిల్లని ఇచ్చింది. ఇద్దరూ చాలాసేపు వరండాలో తిరిగారు. పిల్ల నిద్రపోయింది. కాసేపటికి నానమ్మ కొంగుముడిలో చుట్ట కోసం తడుముకుంది. పిల్లని మళ్లీ వదినకి ఇచ్చేసి ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక పిల్లని ఇమ్మని అడగలేదు. తనే వెళ్లి తాడు దగ్గర కూర్చుంది. ఆ లెక్క ఆమె తనకి తనే వేసుకుంది. చుట్ట తాగితే తాడు, తాగకపోతే పిల్ల.

నోరు ఖాళీగా ఉంచవద్దని దీదీ సలహా ఇచ్చింది. ముందు సోంపు ఇచ్చాం. ఇది మేకలకి ఎట్టండి అంది నానమ్మ. బెల్లంముక్క ఇస్తే పిల్లకి నాకించబోయి వదిన చేత తిట్లు తింది. అప్పుడు దీదీ తనకి తెలిసిన వాళ్ల తోటలోంచి లవంగాలు తెచ్చి ఇచ్చింది. ఇక్కడి తోటల్లో కాసే లవంగాలు చాలా ఘాటుగా ఉంటాయి. నానమ్మ ఒకటి కొరికి, కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించి, ఇది కొంచెం నిప్పులా ఉంది అని ఒప్పుకుంది. అప్పటినుంచీ కొంగుముడిలో చుట్ట ఉండే చోట లవంగాలుండేవి.

ఆ వారాలు మా ఇంట్లో ఎవరికీ సుఖంగా గడవలేదు. తలనొప్పనేది. కూర ఉప్పనేది, మరుక్షణం చప్పననేది. నాన్న రోజూ కన్నా ఆలస్యంగా ఒడ్డుకి వచ్చేవాడు. చేపలు బాగా పడుతున్నాయని చెప్పేవాడు కాని, ఇంటికి తొందరగా రావడం ఇష్టం లేకేనని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. చేపలు ఎండేసేచోట మిగతా ఆడవాళ్లు నానమ్మని వదిలిపెట్టేవారు కాదు.

"ఏటప్పా, బిర్యానీ వండేసుకుంటున్నావేటి నోట్లో?" అని ఒకావిడ అడిగింది ఒక రోజు.

"నీ నోరు తెరువే ముందు. దీదీ లైటేసి సూసిందంటే మళ్లీ ఈ ఒడ్డుకి రాదు" అంది నానమ్మ. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు తర్వాత మా గదికి వచ్చి నోరు చూపించుకున్నారు.

నిజానికి మాకొక అనుమానం ఉండేది. నానమ్మ చుట్టలకి ఆకు విశాఖపట్నం ఓడలో వస్తుంది. అక్కడున్న ఆమె చెల్లెలు ఎవరో ఒకరి చేతికిచ్చి పంపుతుంది. ఇక్కడ దుకాణంలో దొరికే ఆకు నానమ్మకి నచ్చదు. ఆ సారి గాలివానలవల్ల ఓడ రావడం ఆలస్యమైంది. ఇంట్లో ఆకు నిండుకుంది. ఈమె మానేసిందా, లేక ఓడ రాలేదా అని నాన్న గొణిగేవాడు. రోజులో ఎక్కువసేపు పిల్ల నానమ్మ భుజం మీదే ఉండడంతో మేమంతా ఓడ రాకూడదని కోరుకున్నాం. ఓడ కోసం ఎదురుచూసే దీవిలో అలా కోరుకున్నది మా ఇంట్లో వాళ్లమే అయ్యుంటాం.

ఓడ వచ్చింది. నాన్న హడ్డో రేవుకి వెళ్లి గోనెగుడ్డలో కట్టిన మూట తెచ్చి, వరండాలో నానమ్మ ముందు పెట్టి, వెంటనే వల సర్దే నెపంతో బయటికి పోయాడు. నానమ్మ మూట విప్పింది. ఆకు మంచి జాతిది, గోధుమరంగులో మెత్తగా ఉంది. వరండా అంతా ఆ వాసన. నాకు చిన్నప్పటి మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. వదిన పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. అమ్మ చేటలో బియ్యం ఉన్నాయి కాని చేతులు ఆడడం లేదు.

నానమ్మ ఒక ఆకు తీసి ఈనె చీల్చింది. తొడ మీద పెట్టి చుట్ట చుట్టింది. ఇన్ని వారాలైనా వేళ్లు మరిచిపోలేదు. కొస తడిచేసి అంటించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అగ్గిపెట్టె ఎక్కడని ఎవరినీ అడగలేదు. లేచి నిలబడి ఆ చుట్టని చూరులో గుచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీ పుస్తకాలకి పురుగు పడతందన్నావు కదే. పెట్టె ఇలా లాగు."

మంచం కిందనుంచి పెట్టె లాగాను. నానమ్మకి చదువు రాదు. ఆ పుస్తకాలని అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఒక్కొక్కటే తీసి, కొంగుతో తుడిచి, మధ్య మధ్యలో ఆకులు పరిచి మళ్లీ పేర్చింది. ఏ పుస్తకం కింద ఉండాలో, ఏది పైన ఉండాలో నన్ను అడిగి మరీ పెట్టింది. ఎందుకింత మంచి ఆకు పాడుచేస్తావు, ఎవరికైనా ఇవ్వచ్చు కదా అని అమ్మ అంటే, ఇచ్చి ఇంకొకళ్ల నోరు కాల్చమంటావా అంది.

"ఏ పురుగూ దీన్ని ముట్టుకోదే. మనవే ముట్టుకున్నాం" అని పెట్టె మూత వేసింది. బావి దగ్గర సబ్బు పెట్టి చేతులు రుద్దుకుని వచ్చి, వదిన చేతుల్లోంచి పిల్లని అందుకుంది.

తర్వాత కొన్ని నెలలకి డాక్టరు గారు టార్చి వేసి చూసి, మచ్చ బాగా పల్చబడిందన్నారు. దగ్గు పూర్తిగా పోలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అయినా మునుపటికన్నా నయం. మా గదిలో ఇప్పుడు ఇంకో పోస్టరు ఉంది. దాంట్లో ప్యాంటు ఆయన లేడు, బుట్ట పక్కన కూర్చున్న ఒక ఆడమనిషి ఉంది, పెదాలు మూసుకుని. బొమ్మ ఎలా ఉండాలో దీదీకి నేనే చెప్పాను. మావాళ్లలో ఎవరు చూసినా ముందు నవ్వుతారు, తర్వాత దగ్గరికెళ్లి చూస్తారు.

చూరులో గుచ్చిన చుట్ట వానలకి బూజు పట్టి ఎప్పుడో రాలిపోయింది. ఉయ్యాల తాడు మీద వదిన పిల్ల బట్టలు ఆరేస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నం నేను పెట్టె తెరిచి ఒక పుస్తకం తీసుకుంటాను. పేజీ తిప్పగానే పొగాకు వాసన వస్తుంది. పురుగు ఒక్కటీ లేదు. నానమ్మ పిల్లని భుజాన వేసుకుని, లవంగం బుగ్గన పెట్టుకుని పక్కనే కూర్చుంటుంది. "లోపల సదువుకుంటే నాకేటి తెలుస్తాది, పైకి సదువు" అంటుంది. నేను పైకి చదువుతాను. పిల్ల నిద్రపోయాక గొంతు కొంచెం తగ్గిస్తాను.